పొడుగు చేతుల చొక్కా

మూట వచ్చినట్టే బల్ల మీద ఉంది. ముడి కూడా ఎవరూ విప్పలేదు.

పొద్దున్నే ఆస్పత్రి ఆయా దాన్ని తెచ్చి కటింగ్ బల్ల మీద పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా గుమ్మం దాటబోయింది. అత్తగారు ఊరుకుంటుందా? ఆవిడ పొడుగు మనిషి. గుమ్మంలో నిలబడి చేతులు చాపితే అటు చెక్కా ఇటు చెక్కా రెండూ అందుతాయి. ఆ చేతులకు బజార్లో దొరికే ఏ కోటూ చాలదు, కొడుకు ప్రత్యేకంగా కుట్టాల్సిందే. ఆ చేతులే అడ్డం పెట్టి, సంగతేమిటో చెప్పి కదలమంది.

ఆయా నీళ్ళు నమిలింది. చొక్కాలు తిరిగి ఇచ్చేసి రమ్మన్నారంది. కుట్టు బాగాలేదా అంటే, కుట్టుకేం లక్షణంగా ఉందంది. గుడ్డ గరుకుగా ఉందా అంటే అదీ కాదంది. చివరికి, లోపల మిషను దగ్గరున్న మనిషికి వినపడకూడదని గొంతు తగ్గించింది. తగ్గించి చెప్పిన మాటే ఇల్లంతా వినపడింది.

"ఆ చేత్తో కుట్టినవి మా పిల్లలకి తొడగం అంటున్నారమ్మా, వార్డులో వాళ్ళు. ఎవరు చెప్పారో ఏమో, తెలిసిపోయింది. పెద్ద సిస్టరు కూడా ఏం చెయ్యలేనన్నారు."

ఆ చెయ్యి పిచ్చుకది.

పిచ్చుక ఈ ఇంటి కోడలు. చిన్నప్పుడు నోరు మూయకుండా కిచకిచలాడేదని పుట్టింటివాళ్ళు పెట్టిన పేరు అత్తింటికి కూడా వెంట వచ్చింది. పేరైతే మిగిలింది గానీ ఆ కిచకిచలు పోయిన నెలలో అదే ఆస్పత్రిలో ఉండిపోయాయి. నెలలు నిండిన ఆడపిల్ల. నొప్పులు మొదలవకముందే లోపల గుండె ఆగిపోయిందన్నారు. ఆమె ఆ బిడ్డను కని, చూడకుండా ఇంటికి వచ్చింది.

ఆస్పత్రికి పసిపిల్లల చొక్కాలు కుట్టివ్వడం ఈ ఇంటికి ఏళ్ళ తరబడి ఉన్న పని. మొగుడు కత్తిరిస్తాడు, పెళ్ళాం కుడుతుంది. అతుకులన్నీ బయటివైపుకు వచ్చేలా కుట్టడం పిచ్చుక పెట్టిన పద్ధతి. పసి ఒంటికి దారం ఒరుసుకోకూడదని ఆమె పట్టుబట్టి అలా మార్చింది. ఆ వార్డులో పుట్టిన ప్రతి బిడ్డా మొట్టమొదట వేసుకునేది పిచ్చుక కుట్టిన చొక్కానే. ఒక్క బిడ్డ తప్ప.

ఆయా వెళ్ళిపోయాక అత్తగారు కొడుకు మీద పడింది. ఏమీ అనవేంరా, నోరు కట్టేశారా అంది. కొడుకు టేపు మెడలో వేసుకుని కత్తెర వంక చూస్తూ నిలబడ్డాడు.

అతన్ని వీధిలో అందరూ కొలతలాయన అంటారు. నడిచొచ్చే మనిషిని చూసి చాతీ ఇంత, చెయ్యి ఇంత అని చెప్పేస్తాడు, అంగుళం తేడా రాదు. ఆ కళ్ళకు అంతకుమించి ఏమీ ఆనదు. పిచ్చుకని మొదటిసారి చూసినప్పుడు మొహం సరిగ్గా గుర్తులేదనీ, భుజం కొలత మాత్రం గుర్తుందనీ ఒకసారి నిజం చెప్పేసి, వారం రోజులు తిట్లు తిన్నాడు. అలాంటి నిజాలు చెప్పే మనిషి ఈ మధ్య అసలు మాట్లాడటమే మానేశాడు.

అత్తగారే ఒక దారి కనిపెట్టింది. కొన్నాళ్ళు ఆస్పత్రి పని పిచ్చుక ముట్టుకోకూడదు. చొక్కాలన్నీ తానే కుడుతున్నానని ఆవిడ చెబుతుంది. సూదిలో దారం ఎక్కించడానికి ఎదురింటివాళ్ళను పిలిచే ఆవిడ, వార్డుకంతటికీ చొక్కాలు కుడుతుందట! కొడుక్కి మరో రోజైతే నవ్వొచ్చేది.

"కొన్నాళ్ళేరా. వాళ్ళు మరిచిపోయేదాకా."

లోపల మిషను చక్రం ఆగింది. పిచ్చుక వచ్చి బల్ల పక్కన నిలబడింది.

"నా చేతికేమైంది అత్తయ్యా?"

అత్తగారు తడబడింది. "నేనన్నానా? వాళ్ళన్నారు."

"వాళ్ళన్న మాటేగా మీరు నా దగ్గరికి మోసుకొచ్చింది."

ఆవిడకు తల కొట్టేసినట్టయింది. ఇంటి బరువంతా నేను మోస్తుంటే మాటలు కూడా పడాలా అంది. మీ ఇద్దరూ చెరో మూలా కూర్చుంటే పొయ్యి ఎవరు వెలిగిస్తున్నారంది. అది నిజమే. ఆస్పత్రి నుంచి వచ్చిన కొద్దిరోజులకు పిచ్చుకకు పాలు పడ్డాయి. బిడ్డ లేకపోయినా పాలు వస్తాయని అక్కడ ఒక్కరూ చెప్పలేదు. బిడ్డ తల్లులకు చెప్పే మాటలు ఆమెను ఉంచిన గదిలో ఎవరూ చెప్పరు. ఒళ్ళు కాలిపోతుంటే, అత్తగారే పాత గుడ్డ చింపి ఛాతీకి కట్టు కట్టింది. కడుతున్నంతసేపూ పక్కకు తిరిగి గోడ చూసింది గానీ, కట్టు మాత్రం ఒక్కసారి కూడా నొప్పి పెట్టలేదు.

అయితే అదే చేత్తో ఉయ్యాల విప్పి అటక ఎక్కించింది. ఆ మాట ఇక ఇంట్లో ఎవరూ ఎత్తొద్దని శాసనం చేసింది. ఎంత తొందరగా మరిచిపోతే తల్లికి అంత మంచిదని పెద్ద సిస్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పి పంపిందట.

పిచ్చుక మూట ఎత్తుకుంది.

"ఎక్కడికి?" అంది అత్తగారు.

"వాపసు ఇచ్చినవాళ్ళ దగ్గరికి."

కొలతలాయన దుకాణం తలుపు కూడా వేయకుండా ఆమె వెనకాలే వెళ్ళాడు.

* * *

ఆస్పత్రిలో కాన్పుల వైపు నడవా పొడుగ్గా ఉంటుంది. ఒక పక్క బల్లల మీద నెలల గర్భిణులు వరసగా కూర్చుని ఉన్నారు. పిచ్చుక ఖాళీ చోటు చూసి కూర్చోగానే, పక్కనున్న ఆమె చెయ్యి పొట్టమీద వేసుకుని కొంచెం జరిగింది. ఆవిడకు పిచ్చుక ఎవరో తెలుసో లేదో, ఊరికే సర్దుకుందో. మునుపైతే పిచ్చుక ఎన్నో నెల అని అడిగి, కబుర్లు మొదలుపెట్టి, ఆ బిడ్డకు ఏ రంగు అంచు కావాలో కూడా తేల్చేసేది. ఇప్పుడు లేచి నిలబడింది.

నడవా చివర, పక్కబట్టలు దాచే కొట్టు పక్కన, ఒక గది ఉంది. ఆ తలుపు మీద అడ్డంగా తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి ఉంది.

ఆ ముక్కకు అర్థం అక్కడ పనిచేసేవాళ్ళకందరికీ తెలుసు. లోపలికి వెళ్ళి బాబా పాపా అని అడగొద్దని మొదట్లో ఎవరో మంచి మనసుతోనే పెట్టిన గుర్తు అది. రానురాను లోపలికి వెళ్ళొద్దన్న గుర్తు అయిపోయింది. పోయిన నెల పిచ్చుక ఆ గదిలో ఉన్నప్పుడు తిండి బండి ఆ తలుపు దాటి వెళ్ళిపోయేది. ఊడ్చే మనిషి గడప దాకా ఊడ్చి ఆగిపోయేది. గంట నొక్కితే చాలాసేపటికి ఒక నర్సు వచ్చి, కళ్ళు కలపకుండా బీపీ చూసి పోయేది. ఒకసారి పిచ్చుకకు ఏడుపు ఆగకపోతే, పక్కగదిలో బాలింతలు బెదురుతున్నారు, కాస్త నెమ్మదిగా అని చెప్పి వెళ్ళింది. ఇంటికి పంపేరోజు ముందు తలుపు నుంచి కాకుండా, బట్టలుతికే వైపు నుంచి పంపారు. ముందువైపు పూలగుత్తులు పట్టుకుని జనం ఉంటారట. మీకే బాధగా ఉంటుందన్నారు. ఎవరికి బాధ అని పిచ్చుక అప్పుడు అడగలేకపోయింది. తప్పు చేసినదానిలా తల వంచుకుని నడిచింది.

ఈరోజు ఆ ప్లాస్టరు కొత్తగా ఉంది. లోపల ఎవరో ఉన్నారు.

పెద్ద సిస్టరు వాళ్ళను తన గదిలోకి పిలిచింది. భారీ మనిషి, మెత్తని గొంతు. చెడ్డదైతే పోట్లాడటం తేలికయ్యేది. ఆవిడ కుర్చీ చూపించింది, మంచినీళ్ళు ఇచ్చింది, పిచ్చుక తల నిమిరింది. ఈ చొక్కాల సంగతి మనసులో పెట్టుకోవద్దంది. కొత్త తల్లులకు లేనిపోని భయాలుంటాయనీ, ఒక్కొక్కరితో తాను వాదించలేననీ, నాలుగు నెలలు పోతే అన్నీ సర్దుకుంటాయనీ చెప్పింది. నీకింకా బోలెడు వయసుందంది.

కొలతలాయన తలుపు దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"చొక్కాల గురించి రాలేదు సిస్టర్. ఒక మాట అడుగుదామని వచ్చాను," అంది పిచ్చుక. "నా బిడ్డకి చొక్కా ఎందుకు తొడగలేదు? నేను కుట్టి సంచీలో పెట్టిచ్చాను. అలాగే తిరిగిచ్చారు."

పెద్ద సిస్టరు ఆ ప్రశ్న ఊహించలేదు. "అలాంటి బిడ్డలకి తొడగం అమ్మా. గుడ్డలో చుట్టి ఇచ్చేస్తాం. ఎప్పట్నుంచో అంతే."

"ఎందుకని?"

"ఎందుకని అంటే..." ఆవిడ బల్లమీద కాగితాలు సర్దింది. అవి అప్పటికే సర్ది ఉన్నాయి. "తొడిగితే పిల్లలా కనపడుతుంది. అలా చూస్తే తల్లి మరిచిపోలేదు. చూడకుండా ఉంటేనే నయం. మాకు కూడా అలాగే నేర్పారు."

"నేను మరిచిపోలేదు సిస్టర్. చూడకుండానే మరిచిపోలేదు. ఏం మరిచిపోవాలో కూడా నాకు తెలీదు."

బయట ఎక్కడో ఒక పసిబిడ్డ ఏడ్చి ఆగింది. పెద్ద సిస్టరు ఏదో ఒకటి అనాలని అనేసింది.

"మీ ఆయనా ఇదే గొడవ చేశాడు ఆరోజు. తొడగండి, తొడగండి అని. బిడ్డని ఆయన చేతుల్లోంచి తీసుకోవడానికి మావాళ్ళు ఇద్దరు పట్టాల్సొచ్చింది."

అని, నాలిక కరుచుకుంది.

పిచ్చుక వెనక్కి తిరిగింది. కొలతలాయన నేల చూస్తున్నాడు. అతని మొహం పాలిపోయి ఉంది.

ఎందుకంటే, నాకూ చూపించలేదని అతను ఆరోజు భార్యతో చెప్పాడు. మంచం పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పాడు. ఆ ఒక్క మాట మీదే ఆమె ఇన్నాళ్ళూ నిలబడింది. ఇద్దరం చూడలేదు, ఇద్దరిదీ ఒకే బాధ, ఇద్దరం ఒకే చీకట్లో ఉన్నాం అనుకుంది. ఇప్పుడు తెలిసింది, ఆ చీకట్లో ఉన్నది తానొక్కతేనని.

ఆమె లేచి వెళ్ళిపోయింది. మూట బల్లమీదే మరిచిపోయింది. కొలతలాయన దాన్ని తీసుకుని పరుగులాంటి నడకతో వెనకపడ్డాడు. రోడ్డు దాటేచోట చెయ్యి పట్టుకోబోతే ఆమె విడిపించుకుంది. ఎప్పుడూ పక్కపక్కన నడిచేవాళ్ళు, ఇంటిదాకా ఒకరి వెనక ఒకరు నడిచారు.

* * *

ఇంటికొచ్చాక అత్తగారు ఏమన్నారని అడిగింది. మూట మళ్ళీ బల్ల మీదికి వచ్చి కూర్చునేసరికి ఆవిడకు కావలసిన జవాబు దొరికింది. గొణుక్కుంటూ వంటింట్లోకి పోయింది.

పిచ్చుక మిషను ముందు కూర్చుని చక్రం మీద చెయ్యి వేసింది. తిప్పలేదు. భర్త ఎదురుగా నిలబడ్డాడు. ఆమె కూర్చోమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు.

"చూడలేదన్నారు," అంది.

అతను మెడలోని టేపు కొస పట్టుకున్నాడు.

"నా మొహంలోకి చూసి చెప్పారు."

"సిస్టరు అలా చెప్పమంది. నేను చూశానని తెలిస్తే నువ్వూ చూస్తానంటావంది. చూస్తే తట్టుకోలేవంది."

"మరి మీరు తట్టుకున్నారా?"

తట్టుకున్నవాడు ఇలా ఉండడు. కత్తిరించాల్సిన గుడ్డ ముందు పెట్టుకుని పూటలకు పూటలు నిలబడిపోడు. పిచ్చుకకు అది ఇప్పుడు అర్థమైంది. అర్థమైనా కోపం తగ్గలేదు. ఇద్దరి బిడ్డను ఒక్కడే చూసి, ఒక్కడే దాచుకున్నాడు. దొంగతనం చేసినవాణ్ణి చూసినట్టు చూసింది. ఆ వెంటనే జాలి వేసింది. జాలి వేసినందుకు ఇంకా కోపం వచ్చింది.

"ఎలా ఉంది?" అంది.

"బాగుంది."

"బాగుందంటే? మొహం చెప్పండి. ముక్కు చెప్పండి. కళ్ళు మూసుకునే ఉందా?"

కొలతలాయన నోరు తెరిచాడు. మొహాలు చెప్పడం అతనికి ఏనాడూ చేతకాలేదు, ఆ మొహం అసలే చేతకాలేదు.

"నాకు రావట్లేదు పిచ్చుకా. కళ్ళు మూస్తే కనపడుతుంది. చెప్పబోతే పోతుంది."

వంటింట్లోంచి అత్తగారి గొంతు వచ్చింది. ఆ మాటలు ఇంట్లో ఎత్తొద్దని ఎన్నిసార్లు చెప్పాలంది. గిన్నె ఒకటి గట్టిగా కింద పెట్టింది.

పిచ్చుక ఆ గొంతు పట్టించుకోలేదు. లేచి, బీరువాలోంచి మెత్తని తెల్లగుడ్డ తీసింది. బల్ల మీదున్న మూటను పక్కకు నెట్టి గుడ్డ పరిచింది. అరచేత్తో ముడతలు సరిచేసింది. సుద్దముక్క తీసుకుని భర్త వంక చూసింది.

"మొహం చెప్పలేకపోతే వద్దు. కొలతలు చెప్పండి."

అతను ఒకడుగు వెనక్కి వేశాడు.

"మీరు కొలవకుండా ఉండలేరు. నాకు తెలుసు. చెప్పండి. భుజం ఎంత?"

టేపు అతని మెడలోనే ఉంది. దాన్ని తీయలేదు. రెండు చేతులూ గాల్లో ఎత్తి, వేళ్ళ మధ్య ఇంత ఎడం ఉంచి, కళ్ళు మూసుకున్నాడు. ఆ చేతుల మధ్య ఖాళీని పిచ్చుక చూసింది. నెల తరవాత మొదటిసారి ఆమె బిడ్డ ఆ ఇంట్లోకి వచ్చింది.

"భుజం ఇంత. మామూలు పిల్లలకంటే కొంచెం ఎక్కువే."

ఆమె గీత గీసింది. "ఛాతీ?"

"సన్నం. నువ్వు కుట్టినదాంట్లో ఇంకా వదులుండేది."

"నిలువు?"

చెప్పాడు. ఒక్కో కొలతకూ ఒక్కో గీత. ఆమె చెయ్యి వంకర పోలేదు. కన్నీళ్ళు గుడ్డమీద పడకుండా మొహం పక్కకు పెట్టుకుని గీసింది.

"చెయ్యి?" అంది.

అతను కళ్ళు తెరిచాడు. "చేతులు పొడుగు పిచ్చుకా. చాలా పొడుగు. నువ్వు పంపిన చొక్కా పైన పెట్టి చూశాను. మణికట్టు దాకా రానేలేదు. ఇక్కడికే ఆగిపోయింది." తన ముంజేతి మీద వేలు పెట్టి చూపించాడు. "వాళ్ళు తొడగనిచ్చినా సరిపోయేది కాదు. నేను గొడవ పడ్డానే గానీ, లోపల అదే అనుకుంటున్నాను. మన పిల్లకి మన చొక్కానే చాల్లేదని."

అంటూనే నవ్వబోయాడు. అది నవ్వు కాలేదు. బల్ల అంచు పట్టుకుని పిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఆరోజు ఏడవాల్సిన ఏడుపు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచాడో.

"అంత పొడుగా?" అంది పిచ్చుక. ఆ దుఃఖంలోనే ఆమె గొంతులో ఏదో చిన్న గర్వం పలికింది. తల్లులు పిల్లల గురించి ఎదురింటివాళ్ళతో చెప్పుకునేటప్పుడు పలికేలాంటిది. ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"ఎవరి పోలిక?"

ఆ మాట వాళ్ళిద్దరిదీ కాదు. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చేతులకు తడి. ఎప్పుడొచ్చిందో, ఎంతసేపు విన్నదో తెలియదు.

కొడుకు తల్లి వంక చూశాడు. మొహం వంక కాదు, మోచేతుల నుంచి కిందికి వేలాడుతున్న ఆ పొడుగాటి చేతుల వంక చూశాడు.

"నీ పోలికేనమ్మా. వేళ్ళు కూడా."

అత్తగారు తన చేతులు తిప్పి చూసుకుంది, ఎప్పుడూ చూడనట్టు. తరవాత గడప మీదే కూలబడింది.

"నన్ను రమ్మన్నారు చూడటానికి," అంది మెల్లగా. "పెద్దదాన్ని, చూస్తే చూడమన్నారు. వద్దన్నాను. చూస్తే ఇంటికి మంచిది కాదేమో అనుకున్నాను. భయమేసింది. నా చేతులొచ్చాయని ఎవరైనా చెబితే వెళ్ళేదాన్ని కదరా."

పిచ్చుక వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. అత్తాకోడళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడవలేదు. పక్కపక్కన కూర్చున్నారు, అంతే. కొంతసేపటికి అత్తగారు లేచి, గుడ్డ ఎండ తగిలే వైపుకు జరిపితే గీతలు బాగా కనపడతాయి కదా అని సలహా ఇచ్చింది. ఆవిడ సలహా ఇవ్వకుండా ఉండలేదు మరి.

కొలతలాయన కత్తెర తీసుకున్నాడు. నెల రోజుల్లో మొదటిసారి అతని చెయ్యి ఆగకుండా సాగింది. పిచ్చుక కుట్టింది. అతుకులు బయటికి. చేతులు పొడుగ్గా, చాలా పొడుగ్గా. మణికట్టు దగ్గర అంచు రెండుసార్లు మడిచింది. ఎవరు తొడుక్కుంటారని ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు. మధ్యలో అత్తగారు వచ్చి మిషను పక్కన నిలబడి, ఆ చేతుల పొడుగును తన అరచేత్తో కొలిచి చూసుకుని పోయింది.

నాడాలు కుట్టడం ఒక్కటే మిగిలింది. దీపాలు పెట్టే వేళకు తలుపు చప్పుడైంది.

ఆయా. పొద్దుటి మనిషే గానీ పొద్దుటి వాలకం లేదు. గుమ్మం బయట ఆగకుండా లోపలికి వచ్చేసింది, వచ్చి అటూ ఇటూ చూసింది.

పెద్ద సిస్టరు పంపిందట. ఎవరికీ తెలియనివ్వొద్దందట. పొద్దున మీరు వచ్చి వెళ్ళినప్పటినుంచి ఆవిడ మనసు మనసులో లేదని ఆయా చెప్పింది. తలుపు మీది ప్లాస్టరు తనే పీకేసిందట, మళ్ళీ ఎవరేమంటారోనని తనే అంటించిందట.

"చివరి గదిలో ఆ పిల్లతల్లి ఒకటే అడుగుతోందమ్మా. చూపించకపోతే పోనీ, వట్టి గుడ్డలో చుట్టొద్దు, ఏదైనా తొడగండి అని. సిస్టరు ఒక్క చొక్కా ఇమ్మన్నారు."

అత్తగారు గబుక్కున మూట విప్పబోయింది. ఆయా తల అడ్డంగా ఊపింది.

"ఇవి పెద్దవమ్మా. ఆ బిడ్డ నెలలు నిండకుండా పోయింది. బాగా చిన్నదట. ఉజ్జాయింపుగా ఒకటి కుట్టిచ్చెయ్యండి, పట్టుకుపోతాను."

"ఎంత చిన్నది?" అంది పిచ్చుక.

"నాకేం తెలుసమ్మా. నేను చూడలేదు. చూడొద్దంటారుగా."

పిచ్చుక మిషను మీది పొడుగు చేతుల చొక్కాను మడిచి, అత్తగారి చేతుల్లో పెట్టింది. కొలతలాయన అప్పటికే మెడలో టేపు సర్దుకుంటున్నాడు. ఆమె వెళ్ళి ఆ టేపు అతని మెడలోంచి తీసుకుంది. అతను వద్దనలేదు. వద్దనే హక్కు తనకు లేదనుకున్నాడేమో.

ఆయా కంగారు పడింది. "మిమ్మల్ని రమ్మనలేదమ్మా. చొక్కా ఒక్కటే అడిగారు. ఆ గదిలోకి మిమ్మల్ని రానివ్వరు."

అత్తగారు అప్పటికే గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. ఒక చేతిలో ఆ పొడుగు చేతుల చొక్కా ఉంది. ఆ చేత్తోనే అటు చెక్క పట్టుకుంది, రెండో చేత్తో ఇటు చెక్క. పొద్దున ఆయాను ఆపినట్టే.

"వాడు వెళతాడు. నిన్ను పంపను. మళ్ళీ ఆ గదిలోకా? మొన్న అక్కణ్ణుంచి నిన్ను సగమే తెచ్చుకున్నాం. ఆ సగమైనా నాకు ఉండనీ."

ఆవిడ గొంతులో అధికారం లేదు. బతిమాలుతోంది. పిచ్చుక ఆ ఇంటికి వచ్చాక అత్తగారు బతిమాలడం అదే మొదలు.

పిచ్చుక టేపు మెడలో వేసుకుంది. గుమ్మం దాకా వచ్చి, ఆవిడ చేతికి తన చెయ్యి తగిలేంత దగ్గరగా నిలబడింది.

"చూడకుండా కొలవడం నాకు రాదు అత్తయ్యా," అంది.

అత్తగారు చేతులు దించలేదు.